నీ ఒంటికే ఏదీ పడదు

“నీ ఒంటికే ఏదీ పడదే! లోకంలో ఇంతమంది ఆడవాళ్ళకు పడ్డది నీ ఒక్కదానికే పడదు,” అన్నాడు ఆయన, తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటూ.

కోపంగా ఏమీ అనలేదు. కొట్టువాడు తూకం తక్కువ వేశాడన్నంత మామూలుగా అన్నాడు. “రేపు వెళ్ళి ఆ ఆపరేషనుకు తేదీ ఖాయం చేసుకునిరా, పీడా వదులుతుంది,” అని లేచి వెళ్ళి వసారాలో కుర్చీలో కాళ్ళు చాపుకున్నాడు. చెయ్యి కడిగిన నీళ్ళు తొణక్కుండా ఆ కంచం ఎత్తుకుపోవడం ఆమె వంతు. ఎత్తుకుపోయింది. తోమింది. కంచం ఎప్పుడో తెల్లబడింది, ఆమె మాత్రం ఇంకా తోముతూనే ఉంది.

ఆమెను కుట్టు షెడ్డులో అందరూ కాలరమ్మ అంటారు. చొక్కాలకు కాలర్లు కుట్టడం ఆమె పని. ఎవరి మెడకెక్కుతాయో తెలియని కాలర్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిషను మీద మలిచి, ఇంటికొచ్చి భర్తకూ అత్తకూ ఇద్దరు పిల్లలకూ వండి పెడుతుంది. ఆయన్ని చుట్టుపక్కల వాళ్ళు చిన్న డాక్టరు అంటారు. పాల ఫారంలో పశువుల డాక్టరుకు సహాయకుడు. పెద్ద డాక్టరు వారానికోసారి వచ్చి చూసిపోతాడు. మిగతా రోజుల్లో ఆవు ఈనలేక అవస్థ పడినా, గిత్తకు విత్తులు నొక్కాలన్నా, ఎదకొచ్చిన ఆవుకు గొట్టంతో విత్తనం ఎక్కించాలన్నా ఈయనే. చెయ్యి మంచిదని పేరు. ఆవుల వరకూ ఆ పేరు అబద్ధం కాదు.

ఆవులంటే ఆయనకు ప్రాణం. ఏ ఆవు ఎప్పుడు ఎదకొస్తుందో నోటి లెక్క. ఈనిన ఆవును గడువు రాకుండానే మళ్ళీ కట్టించమని ఎవడైనా తోలుకొస్తే గేటు దగ్గరే నిలబెట్టి దులిపేస్తాడు. “మనిషివేనా నువ్వు? దాని ఒంట్లో ఏముందని అప్పుడే మళ్ళీ మోయమంటావు? కాస్త కోలుకోనీ!” ఆ చివాట్లు చెవినపడ్డ ప్రతిసారీ, ఈ మనిషి చేతికి ఆవుగా దొరికినా బాగుండేదేమో అనిపించేది కాలరమ్మకు. వెంటనే ఛీ, ఇదేం కోరిక అనుకునేది. రెండో కాన్పు కోత పచ్చి ఆరకముందే తన పక్కలోకి వచ్చిన మనిషీ ఈయనే కదా మరి!

కథంతా ఆ రెండో కాన్పు దగ్గరే మొదలైంది. మొదటి బిడ్డనూ పొట్ట కోసే తీశారు, రెండో బిడ్డనూ కోసే తీశారు. ఆసుపత్రి నర్సు ఆయన్ని పక్కకు పిలిచి, “ఇద్దరయ్యారు కదండీ. ఈవిడ పొట్ట మీద ఇప్పటికే రెండు కోతలు. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను మీరు చేయించుకోండి, చిన్న పని,” అంది. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. వచ్చి మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది ఆ ఒక్కసారే.

“గిత్తకు విత్తులు నొక్కితే ఏమవుతుందో ఈ చేతులతో చూసినవాణ్ణి. పొగరు చచ్చి ఎద్దయిపోతుంది. పక్కన ఆవు నిలబడ్డా తలెత్తి చూడదు. బండి లాగుతుంది, గడ్డి మేస్తుంది, అంతే. నన్నూ అలా చేసుకుని ఏం సుఖపడతావు?” అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

“ఏం కాదంటున్నారు కదా వాళ్ళు?” అని ఆమె నసిగితే, “వాళ్ళలాగే అంటారు. కోసేది వాళ్ళు, కోయించుకుని బతకాల్సింది నేను. కత్తి పట్టే పని నాది, నాకు తెలియదా?” అన్నాడు.

ఆమె నమ్మింది. నమ్మడంతో ఆగితే సగం బాధ తప్పేది, జాలి కూడా పడింది. కొట్టంలో తల వేలాడేసుకుని నిలబడే ఎద్దును చూసినప్పుడల్లా ఆయనే గుర్తొచ్చి గుండె చెరువయ్యేది. పాపం, మగవాడికి అంతకు మించి ఏముంది, నా ఒంటికి ఎలాగూ కాన్పులూ కోతలూ అలవాటేగా అనుకుంది. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. కాలరమ్మ జాలికి పోయింది.

ముందు మాత్రలు వాడింది. తల ఒక పక్క పగిలిపోయేది, కళ్ళ ముందు మిణుగురులు తిరిగేవి, సూదిలో దారం రెండు దారాలై కనపడేది. “పొద్దున్నే ఆ వాడిన మొహమేమిటే, పనికి పోయేవాడికి ఎదురొచ్చేటప్పుడు కాస్త నవ్వకూడదా?” అనేవాడు. చివరికి రక్తపోటు పెరిగిందని డాక్టరే మాన్పించింది. తర్వాత లూపు వేయించుకుంది. నెలలో సగం రోజులు రక్తమే. షెడ్డులో గంటకోసారి లేవాల్సివచ్చేది. “ఎన్నిసార్లు లేస్తావమ్మా కాలరమ్మా, వెనకాల బావి గానీ తవ్విస్తున్నావా?” అన్నాడు సూపర్‌వైజరు. మిషన్ల వరసంతా గొల్లుమంది. ఆ నవ్విన ఆడవాళ్ళలో సగం మందికి అదే బాధ, అయినా నవ్వారు. నవ్వకపోతే తర్వాతి మాట తమ మీద పడుతుందని. ఇంట్లో ఒకరోజు ఆయన, “అదేదో దారం ఉన్నట్టుందే, నాకు గుచ్చుకుంటోంది,” అన్నాడు. ఆమె బకెట్ల కొద్దీ నెత్తుటి గుడ్డలు ఉతుక్కున్న అన్నాళ్ళూ ఎవరికీ పట్టని లూపు, ఆయనకు గుచ్చుకున్న మర్నాడే బయటికొచ్చింది.

ఆ తర్వాత ఇంజెక్షన్లు. నెలసరి ఆగిపోయింది, ఒళ్ళొచ్చింది. “ఆగిపోయిందంటే ఆ చెడ్డ రక్తమంతా లోపలే మురిగిపోతున్నట్టేనమ్మాయ్,” అని అత్త ముక్కున వేలేసుకుంది. ఆడపడుచు చుట్టపుచూపుగా వచ్చి, “వదినా, కూర్చుని తింటున్నట్టున్నావే, బాగా ఒళ్ళు చేశావు!” అంది. కూర్చునే తింటోంది, నిజమే. మిషను ముందు కూర్చుని.

అవీ మానేశాక ఒకసారి ధైర్యం చేసి తొడుగుల మాటెత్తింది. “చేతికి గుడ్డ చుట్టుకుని అన్నం కలుపుకున్నట్టుంటుందే,” అన్నాడు. ఆవు దగ్గరికి వెళ్ళాలంటే భుజం దాకా తొడుగెక్కించుకునే మనిషి! అక్కడ వేసుకుంటారు కదండీ అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. ‘అది ఉద్యోగం కదే’ అంటాడు. ఆయన అనబోయేది కూడా తనే అనేసుకుని ఊరుకుంది.

సరే, రోజులు చూసుకుందాం అంది. ఫారం ఆవులన్నిటి లెక్కా నాలుక చివర ఉన్న మనిషికి పెళ్ళాం లెక్క గుర్తుండలేదు. గుర్తుచేస్తే, “ఇదేమన్నా డెయిరీనా, పంచాంగం చూసి రావడానికి?” అన్నాడు. నెల తప్పింది. తీయించుకోవడానికి ఆమె ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే ఆటో ఎక్కి వచ్చింది. ఆ రోజు ఫారంలో ఏదో ఆవు అడ్డం తిరిగిన దూడతో కష్టపడుతోందట. సాయంత్రం ఆయన మొహం వెలిగిపోతూ వచ్చాడు. “తల్లీ పిల్లా క్షేమం!” అన్నాడు గుమ్మంలోంచే. గోడవైపు తిరిగి పడుకున్న ఆమెకు, అది ఆవు సంగతని తెలియడానికి కాసేపు పట్టింది.

ఇక మిగిలింది ఆపరేషను. అది ఆమెకే అని ఇంట్లో ఎవరూ తీర్మానించలేదు. తీర్మానించాల్సిన సంగతని కూడా ఎవరికీ తోచలేదు. తేదీ అనుకోకముందే ఆడపడుచు సంచి సర్దుకుని దిగిపోయింది, “వదిన లేవలేకపోతే అన్నయ్యకు ఇబ్బంది కదా!” అంటూ.

కంచం తోమిన మర్నాడు కాలరమ్మ షెడ్డులో సగం పూట సెలవు అడుక్కుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్ష చూసి పెదవి విరిచింది.

“ఇంత తక్కువ రక్తం పెట్టుకుని వస్తే మత్తెలా ఇవ్వమంటారు? పైగా లోపల రెండు పాత కోతలున్నాయి. పేగులు అతుక్కుని ఉంటే చిన్న కోతతో పోదు. చేయనని కాదు. చేస్తే ప్రమాదం ఉందని చెబుతున్నా. మీ ఆయనెక్కడ?”

“ఫారంలో పనిచేస్తారండీ. ఈ రోడ్డు చివరే.”

“అయితే పిలుచుకురండి. నేను మాట్లాడతాను. ఆయనకు పొట్ట కోయక్కర్లేదు, ఒళ్ళు తెలియని మత్తు అక్కర్లేదు. నడిచొచ్చి నడిచి వెళ్తారు.”

“ఆయన రారండీ. అది చేస్తే మగవాళ్ళు…”

“ఊఁ, మగవాళ్ళు?”

“ఎద్దులైపోతారటండీ.”

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. “ఎవరు చెప్పారు మీకు?”

“ఆయనేనండీ. పశువుల్లో చూశారట.”

“ఏమీ అవ్వరమ్మా. ఎద్దుకు చేసేది వేరు, ఇది వేరు. పిలుచుకురండి, ముందు ఆయనకే చెబుతాను.”

ఫారానికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆమెకు ఒకటే గుబులు, ఆ మాట ఆయనతో ఎలా ఎత్తాలా అని. నొచ్చుకుంటాడేమో, నలుగురిలో చిన్నబుచ్చుకుంటాడేమో అని. తన పొట్టలో పేగులు అతుక్కుని ఉన్నాయేమోనన్న భయం కంటే ఈ భయమే ముందు నడిచింది. చూశారా మరి, ఆడదాని బుర్రను ఎలా తోమి పెడతారో.

ఫారం గేటు దగ్గర కాపలాదారు, “లోపల పాఠం జరుగుతోందమ్మా,” అన్నాడు. కొత్తగా పాడి పెట్టుకోవాలనుకునే వాళ్ళు గుంపుగా చూడ్డానికి వచ్చారట. ఆమె దాణా బస్తాల పక్కన నీడలో ఆగింది. ఇంట్లో ముక్కుతూ మూలుగుతూ మాట్లాడే మనిషి అక్కడ గొంతు విప్పి, చేతులు తిప్పుతూ, నవ్విస్తూ చెబుతున్నాడు. ఆయన వెనక కటకటాల్లో ఒక నల్ల గిత్త. బలిసిన మెడ, కాలితో నేల తవ్వుతూ బుసలు కొడుతోంది. దవడ కింద రంగు నింపిన డబ్బీ ఒకటి కట్టి ఉంది.

“వీడి పేరు పెళ్ళికొడుకు,” అన్నాడు ఆయన. గుంపు నవ్వింది. “ఇన్ని ఆవుల్లో ఏది ఎదకొచ్చిందో మన కళ్ళకు ఆనదు. వీడికి వాసనతోనే తెలుస్తుంది. పొద్దున్నే మందలోకి వదులుతాం. వీడు ఎక్కిన ఆవు వీపు మీద ఈ రంగు అంటుతుంది. అప్పుడు మేం వెళ్ళి దానికి మంచి జాతి విత్తనం ఎక్కిస్తాం.”

“మరి వీడు ఎక్కితే వీడి దూడే పడదూ?” అని ఒకామె అడిగింది.

“పడదు. వీడికి పిల్లలు పుట్టరు. కాకపోతే ఆ సంగతి వీడికి తెలియదు!”

మళ్ళీ నవ్వులు. ముందు వరసలో ఉన్న పెద్దాయన, “అంటే విత్తులు నొక్కేశారా?” అన్నాడు.

“అబ్బే! అదీ ఇదీ ఒకటేనా పెద్దాయనా? అవి నొక్కితే ఎద్దయిపోతాడు. ఇది వేరు. విత్తులు విత్తుల్లాగే ఉంటాయి. వాటిలోంచి విత్తనం వచ్చే సన్న నాళం ఉంటుంది చూశావా, దాన్ని మాత్రం కత్తిరించి కట్టేస్తాం. అంతే.”

“పౌరుషం తగ్గదంటావా?”

“తగ్గితే వీడు మాకెందుకయ్యా? వీడి ఉద్యోగమే పౌరుషం! చేసిన మర్నాటికి మేత మేశాడు, వారం తిరక్కుండా కటకటాలు వంచబోయాడు. నేనే దగ్గరుండి చేయించాను. ఇవాళ కొత్తగా వచ్చింది కాదిది. నేను పనిలో చేరినప్పటి నుంచీ చేస్తున్నాం. అప్పటికింకా నాకు పెళ్ళి కూడా కాలేదు. వీడు నాలుగో పెళ్ళికొడుకు.”

పెద్దాయన గిత్తను ఎగాదిగా చూసి, “అదృష్టవంతుడు,” అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. చిన్న డాక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు.

దాణా బస్తాల పక్కన కాలరమ్మ అంతా వింది. తెలియక అన్నాడనుకుంటే ఏ గొడవా లేదు. తెలియనివాళ్ళు లోకంలో కోటిమంది, భయపడేవాళ్ళు అంతకు రెట్టింపు. భయానికైనా జాలిపడొచ్చు. కానీ ఈయనకు తెలుసు. గుంపంతటికీ తెలిసేటట్టు చెప్పగలిగినంత తెలుసు. పెళ్ళికి ముందే తెలుసు. ఆసుపత్రి మంచం పక్కన తన చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడూ తెలుసు. ఆ నీళ్ళెక్కడి నుంచి తెచ్చుకున్నాడో మరి! తల పగిలిన పొద్దుల్లో, షెడ్డులో తలెత్తలేక తిరిగిన రోజుల్లో, ఒంటరిగా ఆటోలో పొట్ట పట్టుకుని వచ్చిన నాడు, అన్నిటిలోనూ ఈయనకు ఈ ఒక్క సంగతి తెలుసు. తెలిసి, ‘నీ ఒంటికే ఏదీ పడదు’ అన్నాడు. మాత్ర ఆమె తప్పు, లూపు ఆమె తప్పు, నిలిచిన గర్భం ఆమె తప్పు. ఆమె ఒళ్ళే ఒక పెద్ద తప్పు. నలుగురు పెళ్ళికొడుకుల్ని చేసిన చేతులు తన చెయ్యి పట్టుకుని మరీ అబద్ధమాడాయి. ఎద్దు మొహం చూసి తను పడ్డ జాలి గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఇంకెవరి మీదా పడనంత జాలి అది. నట్టింట దొంగకు దీపం పట్టినట్టు పట్టింది.

ఆయన్ని పిలవలేదు. వెనక్కి నడిచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళింది. “నా ఆపరేషను వద్దు, రాసుకున్న పేరు కొట్టేయండి,” అంది నర్సుతో.

“ఏమ్మా, భయమేసిందా?”

“లేదమ్మా. తెలిసింది.”

సాయంత్రం అందరూ వసారాలో ఉన్నారు. అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, ఆడపడుచు పక్కన చేరగిలబడి ఉంది. ఆయన టీ తాగుతూ, “తేదీ ఎప్పుడిచ్చారే?” అని అడిగాడు.

“పెళ్ళికొడుకు బాగున్నాడా?” అంది ఆమె.

“ఏ పెళ్ళికొడుకు?”

“మీ నాలుగోవాడు. నల్లవాడు. పాఠమంతా విన్నాను, దాణా బస్తాల దగ్గర నిలబడి.”

ఆడపడుచుకు అర్థం కాక, “ఎవరి పెళ్ళి అన్నయ్యా?” అంది. కాలరమ్మ చెప్పింది. ఆయన మాటల్ని ఆయన మాటల్లోనే, నవ్వులు వచ్చిన చోట కాస్త ఆగి మరీ చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు లేవలేదు. అది ఆయనకే కాదు, ఆమెకూ ఆశ్చర్యంగానే ఉంది.

“మనిషికీ పశువుకీ పోలికేమిటే? బుద్ధుండే మాట్లాడుతున్నావా?” అన్నాడు ఆయన చివరికి.

“పోల్చింది మీరు. ఎద్దుతో పోల్చినప్పుడు మీకు బుద్ధి ఉంది, గిత్తతో పోలిస్తే నాకు బుద్ధి లేకుండా పోయిందా?”

అత్త చాటలోంచి తల ఎత్తింది. “అదేమిట్రా? చేయించుకుంటే ఎద్దునైపోతానని నాకూ అలాగే చెప్పావు కదా? నీకేమవుతుందోనని నేను దీన్ని నానా మాటలూ అన్నాను.”

“నువ్వూరుకో అమ్మా, నీకు తెలియదు.”

“నాకు తెలియదనే కదరా నువ్వు చెప్పింది నమ్మాను!” అత్త కోడలివైపు తిరిగింది. “ఏ ఇంట్లో చూసినా ఇంతేలే అమ్మాయ్. నేను ఎనిమిది మోశాను, నలుగురు మిగిలారు. మీ మామగారు ఒక్కసారి కూడా…” అని, ఆ మాట అక్కడే వదిలేసి మళ్ళీ బియ్యం మీదికి వంగింది. రాళ్ళు మాత్రం ఏరలేదు.

“నా ఆపరేషను కొట్టేయించాను. డాక్టరమ్మ ప్రమాదమని కూడా చెప్పింది, వింటే చెబుతాను, వినకపోతే లేదు. ఇవాళ్టి నుంచి నా పక్క పిల్లల గదిలో,” అంది కాలరమ్మ.

“ఎన్నాళ్ళు?”

“నాకేం తెలుసు? ఆ నాళం కత్తిరించడం మీకు చేయి తిరిగిన పనే కదా.”

ఆయన అరిచాడు. గ్లాసు విసిరాడు. ఆ పెంకులు ఆమె ఎత్తలేదు. ఆడపడుచే గొణుక్కుంటూ ఎత్తింది. కొన్నాళ్ళు అలిగి ఫారంలోనే తిన్నాడు. కొన్నాళ్ళు బతిమాలాడు. “కాపురమన్నాక ఇంత పంతమా?” అన్నాడు. “ఆ డాక్టరమ్మ నీ బుర్ర చెడగొట్టింది,” అన్నాడు. అవన్నీ అయ్యాక ఒక సాయంత్రం అందరూ వినేలా, యుద్ధానికి బయల్దేరుతున్నవాడిలా, “సరే! రేపు నేనే చేయించుకుంటాను,” అన్నాడు.

ఇక చూడాలి ఆ ఇంటి సంబరం! అత్త పాలు కాచి పట్టుకొచ్చింది. ఆడపడుచు ఫోను పట్టుకుని వీధి వీధంతా వినపడేలా, “మా అన్నయ్యలాంటి వాడు ఎక్కడున్నాడే? పెళ్ళాం కోసం కత్తికి ఒప్పుకున్నాడు!” అని అందరికీ చెప్పింది. పక్కింటావిడ కిటికీలోంచి, “నువ్వు పెట్టి పుట్టావమ్మా కాలరమ్మా!” అంది. మాత్రలు మింగిన ఏళ్ళలో, నెత్తుటి గుడ్డలు ఉతికిన నెలల్లో, ఒక్కరైనా ఆయనతో, ‘నువ్వు పెట్టి పుట్టావయ్యా’ అన్న పాపాన పోలేదు. ఇంకా కత్తి గాటైనా పడని మనిషికి అప్పుడే ఇంట్లో మెత్తటి తలగడలు మూడు సిద్ధమయ్యాయి.

మర్నాడు పొద్దున్న ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మంలో నిలబడి ఆమె కోసం చూశాడు. ఆమె షెడ్డుకు వెళ్ళే సంచి భుజాన వేసుకుని వచ్చింది.

“అదేమిటి? నువ్వు రావా?”

“పని ఉంది. రెండు గల్లీల అవతలే కదా, దారి మీకు తెలుసు. చేశాక కూడా పరీక్షలో విత్తనం లేదని తేలేదాకా, మూణ్ణెల్ల పాటు తొడుగు వాడాలంటారు. సరిగ్గా విని రండి, మళ్ళీ వచ్చి నాకు ఇంకోలా చెప్పకండి.”

ఆయన మొహం ముడుచుకుపోయింది. నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ నొప్పి ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ ఆ మొహం చూసే ఆమె కరిగిపోయింది.

“నీకోసం ఇంత చేస్తుంటే ఒక్క మంచి మాటైనా రాదేమే నీ నోట?”

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. మెట్టు దిగి, ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగింది.

“నాకోసమని ఎక్కడా అనకండి. నాకోసం మీరు చేయాల్సింది ఒకటే ఉండేది, నిజం చెప్పడం. దానికి కోత కూడా అక్కర్లేదు.”